మెకన్నాస్ గోల్డ్ పోస్టరు: పట్టీ కింద ఇంకో పట్టీ

నా దగ్గరున్న మెకన్నాస్ గోల్డ్ పోస్టరు మీద థియేటర్‌వాళ్లు అంటించిన తెలుగు పట్టీ ఎట్టకేలకు లేచింది. చిరగలేదు, కింది రంగు ఒక్క చుక్క కూడా దాంతో ఊడి రాలేదు. సంబరపడేలోపే, నేను చూడాలనుకున్న కుడి కింది మూలలోనే ఇంకో తెల్ల కాగితం ముక్క కనిపించింది. అది మాత్రం దేనికీ లొంగట్లేదు.

ఈ పోస్టరు కడపలో గుజిరీ అంగట్లో పాత పేపర్లతో కలిసి తూకానికి దొరికింది. సినిమా 1969 నాటి హాలీవుడ్‌ది. మన దేశంలో ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ ఆడింది కాబట్టి పోస్టరు పాతగా ఉందన్నంత మాత్రాన ఏమీ తేలదు. అమెరికాలో మొదటి విడుదలకు అచ్చేసి ఇక్కడికి పంపిన కాగితమా, తర్వాతి రీరిలీజ్‌దా, విదేశాల కోసం విడిగా వేసిందా, మనవాళ్లు దాన్ని చూసి ఇక్కడే వేసుకున్నదా? నాలుగింటి ధరల మధ్య శానా తేడా ఉంటుంది.

మనవాళ్ల అచ్చు కాదని మడతలే చెప్పాయి. ఇప్పుడున్న కొలత 68.4 × 99.8 సెం.మీ. మన 30 × 40 అంగుళాల కాగితానికి వెడల్పు సరిపోదు, అమెరికాలో వన్‌షీట్ అనే మామూలు పోస్టరు కొలత 27 × 41 అంగుళాలకి ఎత్తు సరిపోదు. కింద కోసేశారని కంటికే తెలుస్తోంది, ఎంత కోశారన్నదే ప్రశ్న. అప్పట్లో వన్‌షీట్లను ఎత్తున నాలుగు సమభాగాలుగా మడిచి పంపేవాళ్లు. 41 అంగుళాలంటే 104.1 సెం.మీ., అంటే మడతలు 26 సెం.మీ.కి ఒకటి రావాలి. నా పోస్టరులో పైనుంచి 26.1, 52.1, 78.0 దగ్గర ఉన్నాయి. 40 అంగుళాల కాగితమైతే మూడో మడత 76.2 దగ్గరే పడేది. కాబట్టి ఇది 41 అంగుళాల కాగితమే, కింద 4.3 సెం.మీ. పోయింది. లూపులో (కంటికి ఆనించి చూసే చిన్న భూతద్దం) చూస్తే బొమ్మలోని సన్నటి రంగు చుక్కలు శుభ్రంగా గుండ్రంగా కూడి ఉన్నాయి. పేర్ల చిన్నక్షరాల అంచులు పదునుగా ఉన్నాయి, అక్షరాల లోపల చుక్కల్లేవు. అచ్చయిన పోస్టరును ఫొటో తీసి మళ్లీ వేస్తే చుక్క మీద చుక్క పడి అలలలా కనిపిస్తుంది. ఇక్కడ ఆ అలలు లేవు. (30 రెట్లు అని రాసి అమ్మే ఆ చైనా లూపులు నిజానికి పదికి మించి చూపించవు. డబ్బా మీది అంకె నమ్మి కొనొద్దు.)

కోసేసిన ఆ 4.3 సెం.మీ.లోనే అసలు సరుకంతా పోయింది. అప్పట్లో అమెరికాలో పోస్టర్లు పంచిన నేషనల్ స్క్రీన్ సర్వీస్ అనే సంస్థ నంబరు కింది అంచులోనే ఉంటుంది. ‘69/’తో మొదలైతే మొదటి విడుదల, ముందు ‘ఆర్’ ఉంటే రీరిలీజ్, అంతటితో కథ కంచికి. అది లేదు కాబట్టి మిగిలిన ఒకే ఆధారం రేటింగ్ పెట్టె, అంటే సినిమా ఎవరు చూడొచ్చో చెప్పే అక్షరం ఉండే గడి. అమెరికాలో రేటింగులు 1968 నవంబరులో మొదలయ్యాయి. ‘ఎం’ 1970లో ‘జీపీ’ అయింది, 1972లో ‘పీజీ’ అయింది. విదేశాల కోసం వేసిన వాటిలో మామూలుగా రేటింగ్ పెట్టే ఉండదు. పెట్టె కనబడితే ఇది ఏ విడతదో తేలిపోతుంది. తెలుగు పట్టీ సరిగ్గా ఆ చోటును కప్పేసింది.

పట్టీ సంగతి: 11 సెం.మీ. ఎత్తు, ‘రోజూ 4 ఆటలు’ అని ఎర్ర సిరాతో లెటర్ ప్రెస్ అచ్చు. అక్షరాల అంచుల్లో సిరా నొక్కుకుపోయి ముదురు గీత కట్టింది, వెనక వేలితో తడిమితే ఒత్తు తగులుతుంది. థియేటర్ పేరున్న చివర చిరిగిపోయింది. బంక పొడి కొంచెం గీకి బెటాడిన్ చుక్క వేస్తే నల్లటి నీలం తిరిగింది, అంటే మైదా. అంచుల్లో లేత పచ్చ మరక కూడా ఉంది, అది మైలుతుత్తం. రాగి కాగితాన్ని నిదానంగా తినేస్తుంది. ఆ మరకున్న చోట కాగితం వంచితే విరుగుతోంది.

మైదా కాబట్టి తడికి వదలాలి. తడిని పట్టి ఉంచి నిదానంగా వదిలే 4 శాతం మిథైల్ సెల్యులోజ్ జెల్ పైన పూశాను, మధ్యలో జపాన్ టిష్యూ అనే పల్చటి కాగితం. మా ఊరి ఏప్రిల్‌లో పగలు పది నిమిషాలకే జెల్ అప్పడమైపోతోంది. తెల్లవారుజామున ఫ్యాను ఆపి, పైన పాలిథిన్ కప్పి పెడితే నలభై నిమిషాలకు పట్టీ మెత్తబడింది. సన్నటి గరిటె దూర్చి ఒక చివర నుంచి చుట్టుకుంటూ లేపాను.

ఇంగ కింది ముక్క. 5.2 × 3.1 సెం.మీ., నున్నటి కాగితం, అచ్చేమీ లేదు. అదే జెల్ రెండింతల సేపు ఉంచినా కదల్లేదు. 45 డిగ్రీల గోరువెచ్చటి నీళ్ల దూదికీ అంతే. అంచు దగ్గర బంక పొడి గీకి బెటాడిన్ వేస్తే రంగు మారలేదు, మైదా కాదు. వడ్రంగుల వజ్రం బంకైతే ఆ వేడికి ఉబ్బి జారాలి, ఉబ్బలేదు. పంచర్ సొల్యూషన్ లాంటి రబ్బరు బంకేమో అనుకుంటే వేళ్ల మధ్య సాగట్లేదు, పలుకులుగా విరుగుతోంది. రబ్బరు బంక ముదిరినా అలాగే పెళుసుబారుతుంది కాబట్టి ఇప్పటికి నా ఊహ దాని మీదే. ఫెవికాల్ రకం మాత్రం కాకూడదని మొక్కుకుంటున్నా. అది కాగితంలోకి దిగిందంటే ఇలాంటి నీళ్ల జెల్‌తో వదలడం కష్టం.

వెనక ఎల్ఈడీ పలక పెట్టి చూస్తే ముక్క కింద 4.4 × 2 సెం.మీ. నల్లటి గీతల దీర్ఘచతురస్రం ఉంది. దాని ఎడమ అంచు నుంచి 6 మి.మీ. లోపల, 9 మి.మీ. ఎత్తున నిటారు గీత ఒకటి. ‘జీపీ’ అయితే ముందు గుండ్రటి ‘జీ’ రావాలి, ఆ ఎత్తు అక్షరానికి 6 మి.మీ. చోటు చాలదు. అంటే ‘ఎం’ ఎడమ కాలు కావచ్చు, ‘పీజీ’లో ‘పీ’ కాడ కావచ్చు. లేదంటే అది రేటింగ్ పెట్టే కాదు, కంపెనీ గుర్తు. ఇంకో చిక్కు, పోస్టరుకు బలం రావాలని ఎవరో వెనక తెలుగు దినపత్రిక ముక్కలు అంటించారు. తెలుగు అక్షరంలో అంత నిటారు గీత ఎక్కడ దొరుకుతుందిలే అని మొదట ధైర్యంగా ఉన్నా, ప్రకటన చుట్టూ గీసే గీత కూడా అలాగే కనబడుతుందని తర్వాత తట్టింది.

ప్రొద్దుటూరులో ఒకప్పుడు పోస్టర్లు అంటించిన పెద్దాయనకు ఫోన్లో ఫొటో చూపించాను. “మైదాలో ఇంత మైలుతుత్తం ఏయకపోతే రేత్రికి రేత్రే ఆవులు పీకి తినేస్తాయి అబ్బీ. ఆ చిన్న ముక్క మాత్రం మేం అంటిచ్చింది కాదు. మేమైతే తెల్ల కాగితం యాడ తెచ్చేది, పాత పేపరే. అట్లాంటియి రీళ్ల డబ్బాతోపాటే వచ్చేటియ్యి” అన్నాడు. ఆయన మాట నిజమైతే ముక్క అంటించింది సీడెడ్‌కు (సినిమావాళ్ల భాషలో రాయలసీమ) రాకముందే. అప్పటి మన సెన్సారు ‘యు’, ‘ఎ’ల మధ్య అమెరికా రేటింగ్ కనబడకూడదని పంపిణీ ఆఫీసులో కప్పేసి ఉంటారు. కప్పాల్సి వచ్చిందంటేనే అక్కడ రేటింగ్ ఉందని నా వాదన.

ధర మాట. ఈబేలో అడిగే ధర అమ్మేవాడి ఆశ, అంతే. హెరిటేజ్, ఈమూవీపోస్టర్ అనే వేలం సంస్థల పాత వేలాల్లో నిజంగా అమ్ముడుపోయిన ధరలు చూసుకోవాలి, అదీ కింది అంచు కోసినవాటితోనే పోల్చుకోవాలి. ‘ఇండియాలో వాడిన ఒరిజినల్’ అని గొప్పగా రాసి ధర పెంచేవాళ్లను నేను నమ్మను. కొనేవాడికి అది మైదా, రాగి మరక, కోత. నాకు మాత్రం ఆ ఎర్ర పట్టీ పోస్టరుతో సమానం, దాన్ని ఆరబెట్టి విడిగా మైలార్ (పాలియెస్టర్) కవరులో పెట్టుకున్నా.

నా దగ్గరున్న ఇంకో పోస్టరు, రష్యన్ ఆవారాది, ఏనాటిదో మాత్రం తేలిపోయింది. కింద ప్రతుల సంఖ్యతో పాటు సంవత్సరం కూడా అచ్చేశారు, 1954 విడతదే.

వచ్చే పని వెనక పేపరు తీయడం. అదీ మైదానే కాబట్టి వదులుతుంది, వదిలితే వెలుతురు సరిగ్గా దాటుతుంది. తర్వాత ఇన్‌ఫ్రారెడ్. పాత సీసీ కెమెరా ఒకటి అడిగి పెట్టుకున్నా, చీకట్లో 850 నానోమీటర్ల వెలుగుతో చూస్తుంది. నల్ల సిరాలో బొగ్గు మసి ఉంటే ఆ వెలుగును మింగేస్తుంది, పైనున్న పల్చటి కాగితం కొంతైనా వదిలేస్తుంది. అప్పుడు ముక్కను పీకకుండానే అక్షరం చదవొచ్చు. రబ్బరు బంకను కరిగించే పెట్రోలు జాతి ద్రావకాల జోలికి అప్పటిదాకా పోను. పోవాల్సి వస్తే ముందు పై అంచులో ఒక చుక్క వేసి, రంగు దూదికి ఎక్కుతుందా లేదా చూసుకోవాలి. కాగితం మెరుస్తుందేమో చూద్దామంటే, 395 నానోమీటర్ల చవక యూవీ (అతినీలలోహిత) టార్చి ఊదారంగు పులమడం తప్ప ఏమీ చేయట్లేదు, 365ది కొనాలి. అయినా ఆ వెలుగులో 1969 కాగితం మెరిసినంత మాత్రాన కొత్తగా వేసిన నకిలీ అనలేం, అప్పటికే కాగితానికి తెలుపు పెంచే మందులు కలుపుతున్నారు.

ఇది ఒడ్డున పడ్డాక ఎదురు దారిలో వెతకాలని ఉంది, మన సినిమాలు బయటి దేశాల్లో ఆడినప్పుడు వేసిన పోస్టర్లు. పులివెందుల వైపు పుట్టిన బి.ఎన్.రెడ్డి తీసిన మల్లీశ్వరి 1953లో చైనా ఉపశీర్షికలతో అక్కడ విడుదలైంది. దాని చైనా పోస్టరో, కనీసం కరపత్రమో ఎవరి పెట్టెలోనైనా ఉంటే ఒక ఫొటో చాలు, కింది అంచు మాత్రం తెగకుండా తీయండి.