బూస్టర్ సీటు కొనేముందు కారు వెనక సీటు కొలవండి

బూస్టర్ అంటే కారు బెల్టు సరిగ్గా పడేలా బిడ్డని ఎత్తుగా కూర్చోబెట్టే సీటు. దీనికి వయసు కంటే బరువు, ఎత్తు ముఖ్యం. పిల్లల కారు సీట్ల భద్రతకి ఐక్యరాజ్యసమితి పెట్టిన పాత ఆర్44 ప్రమాణం ప్రకారం బూస్టర్‌కి బిడ్డ కనీసం 15 కిలోలుండాలి. కొత్త ఆర్129 అయితే 100 సెంటీమీటర్ల ఎత్తు. వీపు లేని రకం 125 దాటాకే.

ఇక కారు. నడుం మీదుగా, భుజం మీదుగా రెండు చోట్లా పట్టే బెల్టు ఉండి తీరాలి. చాలా పాత కార్లలో వెనక మధ్య సీటుకి నడుం బెల్టే ఉంటుంది, అక్కడ బూస్టర్ పెట్టొద్దు. బూస్టర్‌ని కారు సీటులోని కడ్డీలకి తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు సీటు జారకుండా చూస్తాయంతే, బిడ్డని ఆపేది బెల్టే.

ఎక్కువమంది పొరపడేది బెల్టు బిగించే బకిల్ దగ్గర. బూస్టర్ అడుగు వెడల్పైతే అంచు బకిల్ మీదికెక్కుతుంది, బెల్టు సరిగ్గా పడదు. చిన్న కారులో బామ్మగారూ తాతగారూ పక్కనే కూర్చోవాలంటే ఇది ఇంకా కష్టం. అందుకే రెండు బకిళ్ల మధ్య జాగా టేపుతో కొలిచి, బిడ్డనీ కారునీ దుకాణానికే తీసుకెళ్లండి. కారు హెడ్‌రెస్ట్ బూస్టర్ వీపుని ముందుకి తోస్తుంటే ఆ హెడ్‌రెస్ట్‌ని పైకి లేపండి, లేదా తీసేయండి.

కూర్చోబెట్టాక నడుం పట్టీ పొట్ట మీద కాకుండా తొడల మొదట్లో, తుంటి ఎముకల మీద పడాలి. భుజం పట్టీ మెడని ఒరుసుకోకుండా భుజం మధ్యనుంచి రావాలి. చంక కింద నుంచి తీయనే తీయొద్దు.

కోనసీమ కాలవగట్టు రోడ్ల మలుపుల్లో నిద్రపోయిన పిల్లలు పక్కకి ఒరిగిపోతారు. మా ఓటు పక్క రెక్కలున్న వీపు రకానికే. ఐసోఫిక్స్ లేకపోతే ఖాళీ బూస్టర్‌కి కూడా బెల్టు పెట్టండి.