అది నీ బొమ్మ నాన్నా

పోయిన నెల మా అమ్మాయికి స్కూల్లో ఓ హోంవర్క్ ఇచ్చారు. నీకు బాగా నచ్చిన వస్తువో, చోటో ఫోటో తీసి దాని గురించి నాలుగు ముక్కలు రాసుకురా అని. ఇందులో ఆలోచించడానికేముంది, హాల్లో అద్దాల బీరువాలో కొండపల్లి బొమ్మ ఉందిగా, తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడిది, "దాన్ని తియ్యి తల్లీ" అన్నా. తొమ్మిదేళ్ళ పిల్ల తల కూడా ఎత్తకుండా, "అది నీ బొమ్మ నాన్నా, నాది కాదు. నేను ముట్టుకుంటే అరుస్తావుగా" అంది.

నిజమే, అరుస్తా. దానికి నాలుగేళ్ళప్పుడు ఆ చెట్టు మీద మనిషిని పీకేసింది. నిజానికి పెద్ద నష్టమేం కాలేదు, తెల్ల పొణికి కర్రలో ఏ ముక్కకాముక్క చెక్కి చింతగింజల పిండితో అతికిస్తారు కదా, శుభ్రంగా ఊడొచ్చాడు. కానీ విజయవాడ నుంచి టవల్లో చుట్టి ఫ్లైట్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన బొమ్మాయె, ఇల్లెగిరిపోయేలా అరిచా. ఫెవిక్విక్ పెట్టి నేనే అతికించా, కొంచెం వంకరగా, ఇప్పుడు చూస్తే ఆయన ఎక్కుతున్నట్టు ఉండడు, జారిపోతున్నట్టు ఉంటాడు. ఆ రోజు నుంచి బీరువాకి తాళం.

సరే, నాకు పంతం ఒకటుంది కదా. బొమ్మ కాకపోతే అమరావతి శిల్పాలు అనుకుని, శనివారం పొద్దున్నే లండన్‌లో మా స్టేషన్ గాంట్స్ హిల్‌లో సెంట్రల్ లైన్ మెట్రో ఎక్కించి బ్రిటిష్ మ్యూజియంకి లాక్కెళ్ళా. దారంతా ఉపన్యాసమే. 1797లో మెకంజీ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి వచ్చి అమరావతి బౌద్ధ స్థూపాన్ని చూశాడు, 1845లో ఇలియట్ అనే ఇంకో అధికారి తవ్వించాడు, ఆ రాళ్ళు ఓడలెక్కి లండన్ వచ్చి 1880కి ఈ మ్యూజియంలో చేరాయి, అవన్నీ మన గుంటూరు పక్కవే అని. అంతకుముందు అక్కడి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారి మనుషులే ఇటుకల కోసం, రాళ్ళ కోసం ఆ స్థూపం దిబ్బని తవ్వుకుపోయారన్న ముక్క మాత్రం మింగేశా. ఇంకోటి కూడా చెప్పలేదు. గుంటూరులో పుట్టి పెరిగిన నేను అమరావతి ఎన్నిసార్లు వెళ్ళినా అమరేశ్వరుడి దర్శనం, కృష్ణలో స్నానం, వెనక్కి వచ్చి బజ్జీలు, అంతే. స్థూపం వైపు ఒక్కసారి కూడా నడవలేదు. పిల్లేమో నా మాట వింటున్నట్టే ఉండి, సీటు మీద బట్టలో వేలు పెట్టి ఏదో వెతుకుతోంది. ఆ డిజైన్లో లండన్ ఐ, బిగ్ బెన్, టవర్ బ్రిడ్జ్, సెయింట్ పాల్స్ దాక్కుని ఉంటాయంట, అదే చెప్పింది నాకు. పదకొండేళ్ళుగా ఆ సీట్ల మీదే కూర్చుంటున్నా, నాకు తెలీదు.

అమరావతి గదిలో ఒక రాయి ఉంది. ఒకవైపు బోధి చెట్టు, కింద ఖాళీ ఆసనం, చుట్టూ దణ్ణాలు పెట్టేవాళ్ళు. మూడొందల ఏళ్ళ తర్వాత అదే రాయిని తిప్పి వెనకవైపు స్థూపాన్నే చెక్కారు, సింహాలతో సహా. నేను గొంతు సవరించుకునేలోపే మా పిల్ల, "నాన్నా, సీట్ ఖాళీగానే ఉంది, ఎవరూ కూర్చోరేం?" అంది. బుద్ధుడున్నాడని చెప్పడానికి అప్పట్లో అలా ఖాళీగానే చెక్కేవాళ్ళమ్మా అన్నా. "ఓకే" అని కాసేపు దాన్నే చూసి, ఆకలేస్తోంది అంది. ఫోటో తియ్యలేదు. నేను తీశా, అద్దంలో నా మొహం పడింది.

తిరిగొచ్చి గాంట్స్ హిల్‌లో దిగాక, రెండు ప్లాట్‌ఫామ్‌ల మధ్య పొడుగాటి హాలు ఉంటుంది చూడండి, పైన గుండ్రటి కప్పుతో, అక్కడ నేల మీద వెల్లకిలా పడుకుని నా ఫోన్ లాక్కుని ఆ కప్పు ఫోటో తీసింది. జనం మా మీద నుంచి దాటుకుని పోతున్నారు. కింద ఏం రాసిందంటే, ఇక్కడ అరిస్తే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది, ఇక్కడ పరిగెడితే మా నాన్న ఏమీ అనడు, అని.

ఆ రాత్రి కూర్చుని చదివితే తెలిసింది, ఆ స్టేషన్ చార్లెస్ హోల్డెన్ అనే ఆర్కిటెక్ట్ డిజైనంట, మాస్కో మెట్రో చూసి కట్టాడంట, 1947లో తెరిచారంట, యుద్ధంలో ఆ సొరంగాల్లో విమాన భాగాలు తయారు చేసేవాళ్ళంట. రోజూ ఆఫీసుకి పోయేది అందులోంచే, ఫోన్లో తల పెట్టుకుని.

చిన్న పిల్లలున్నవాళ్ళకి ఏం చెప్దామనుకున్నానంటే, బొమ్మలు కింద పెట్టండి, ఆడుకోనివ్వండి, విరిగితే విరుగుతాయి అని. రాస్తూ రాస్తూ ఆగిపోయా, మనం ఇంటికెళ్ళేదే రెండు మూడేళ్ళకోసారి, మళ్ళీ ఎవరు తెస్తారు? పోనీ దాచిపెడితే రేపు ఎవరికోసం? మా ఆవిడ అయితే "ముందు నువ్వు ఆ తాళం తియ్యి, తర్వాత లోకానికి చెబుదువు గానీ" అంది.

తీశా. నిన్న సాయంత్రం బొమ్మని డైనింగ్ టేబుల్ మీద పెట్టి, ఏమీ తెలీనట్టు లాప్‌టాప్ ముందు కూర్చున్నా. పిల్ల వచ్చి చూసింది, చెయ్యి చాపింది. అది బొమ్మకి తగలక ముందే నా నోట్లోంచి "జాగ్రత్త" అని వచ్చేసింది.