శుభలేఖల పని: ముందు కవరు, తర్వాతే కార్డు

స్నేహితురాలి పెళ్లికి శుభలేఖలు చేసిచ్చే పని నెత్తిన వేసుకున్నాను. కార్డులు చేయడం నాకు పాత సరదానే గానీ ఇవన్నీ పోస్టులో వెళ్లేవి. అందుకని డిజైను జోలికి పోకుండా ముందు బరువు లెక్క కట్టాను.

లెక్క తేలికే. 16 ఏ4 షీట్లు కలిస్తే ఒక చదరపు మీటరు. ఏ5 అయితే 32, ఏ6 అయితే 64. అంటే 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) ఏ5 కార్డు 9.4 గ్రాములు తూగుతుంది. దానికి పట్టే సీ5 కవరు 120 జీఎస్ఎంలో ఇంచుమించు 10 గ్రాములు. చాలా చోట్ల తపాలా రుసుము మొదటి మెట్టు 20 గ్రాములే. ఇక చిన్న దారి పటం పెట్టినా మెట్టు దాటేస్తుంది. అందుకే ఏ5ని సగానికి మడిచి సీ6 కవరులో (114 × 162 మి.మీ.) పెడుతున్నాను. పటం చీటీతో కలిపి 16 గ్రాముల దగ్గర ఆగింది. 300 జీఎస్ఎం అట్టని నేరుగా మడిస్తే మడత దగ్గర రంగు పగులుతుంది. ముందు గీత నొక్కించుకుని, కాగితం నార వెంబడే మడవాలి.

మాటలు రాయడం ఒక్క పూటలో అయిపోయింది: ఎవరు పిలుస్తున్నారు, ఎవరి పెళ్లి, ఎప్పుడు, ఎక్కడ. తేదీకి వారం సరిపోయిందో లేదో క్యాలెండర్‌లో చూశాను. 'పిల్లలను తీసుకురావద్దు' అని కార్డు మీద అచ్చు వేయడం నాకు నచ్చదు. ఎవరిని పిలిచామో కవరు మీది పేర్లే చెప్పాలి.

అసలు పేచీ తెలుగు అక్షరాలతో. పైన గుడి, కింద వత్తు. ఇంగ్లిషుకు పెట్టే వరుసల ఎడం వీటికి చాలదు. 12 పాయింట్ల అక్షరానికి 19 పెట్టాక ఊపిరాడింది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. ప్రెస్సువాళ్ల దగ్గర మన ఫాంటు ఉండకపోవచ్చు కాబట్టి అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే బొమ్మ గీతలుగా, మార్చి పీడీఎఫ్ ఇవ్వడం మేలు. కానీ ఆ తర్వాత అక్షరం దిద్దడం కుదరదు. అందుకే మార్చకముందే ఒక కాపీ ప్రింటు తీసి, ఈ పనితో సంబంధం లేని మనిషి చేత బయటికి చదివించాను. అంచుల్లో 3 మి.మీ. బ్లీడ్ (కోతలో పోయేందుకు అదనంగా వదిలే రంగు), రంగులు సీఎంవైకేలో (అచ్చుకు వాడే నాలుగు సిరాల పద్ధతి). తెర మీద మెరిసే కుంకుమ రంగు కాగితం మీద కాస్త మందగిస్తుందని ప్రూఫు చూశాకే పెళ్లివారు ఒప్పుకున్నారు.

ఆర్డరు మనుషుల లెక్కన కాదు, ఇళ్ల లెక్కన. పైన పదో వంతు అదనం. కవర్లు ఇంకాస్త ఎక్కువే, చేతిరాత తప్పితే పోయేది అవే కదా.

దారం ముడి వేసిన నమూనా ఒకటి నాకే పోస్టు చేసుకున్నాను. ముడి ఉన్నచోట కవరు ఉబ్బి, నలిగి వచ్చింది. దారం తీసేశాను.

ఇప్పుడు చిరునామాలు నడుస్తున్నాయి. విదేశాలవి ముందు కట్ట. వాటి మీద చివరి వరుసలో దేశం పేరు ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో రాస్తున్నాను. పిన్‌కోడ్ లేనివి పక్కన పెట్టి ఫోన్లు చేస్తున్నాం.