ల వత్తు, అర్ధ రూపాయి కార్డు

ఆదివారం రాత్రి. పిల్లలు ఇప్పుడే పడుకున్నారు.

పొద్దున్నుంచీ ముసురు. కిందికెళ్లి ఆడుకోవడానికి లేదు. వేసవి సెలవుల్లో రోజుకి రెండు పేజీల కాపీరైటింగ్ పెట్టి ఇద్దరినీ ఏడిపించాను. పది రోజులకే ఆపేశాం. ఆ నోట్‌బుక్కులు ఇవాళ తీసి చూస్తే, పేజీ మొదట్లో గుండ్రంగా ఉన్న అక్షరాలు కిందికొచ్చేసరికి వాలిపోయి ఉన్నాయి. పాపం, ఎవరు చదువుతారని రాస్తారు? మనసుకి కష్టంగా అనిపించింది. ఇవాళ ఏం రాయించినా, దాన్ని నిజంగా చదివే మనిషి ఒకరుండాలి అనుకున్నాను.

సరుకులు తేవాల్సి ఉంది. చిన్నోడికి ఆరేళ్లు. గుణింతాలు వచ్చు, వత్తుల దగ్గరే తడబడతాడు. నేను చెబుతుంటే వాడు చీటీ రాశాడు: పలీలు, బెలం, అలం, ఉలిపాయలు, పాలు. నేనేమీ దిద్దలేదు. గొడుగు వేసుకుని వీధి చివర కొట్టుకి వెళ్లాం. కొట్టాయన చీటీ అందుకుని పైకే చదివాడు. "బెలం... అలం... ఇవేంటి బాబూ, మా కొట్లో లేవే?"

వాడు కంగారుగా నా వైపు చూశాడు. "బెల్లం అని గట్టిగా అను, నాలుక ఎక్కడ నొక్కుకుంటోందో చూడు" అన్నాను. అన్నాడు. మళ్లీ అన్నాడు. కొట్టాయన్నే పెన్ను అడిగి తీసుకుని, బల్ల మీద చీటీ పెట్టుకుని, ఒక్కో మాటకీ ల వత్తు తగిలించాడు. కిరాణా చీటీలో ఇన్ని ల వత్తులుంటాయని నాకూ ఇవాళే తెలిసింది! ఆ ఊపులో పాలకి కూడా పెట్టేశాడు, "పాల్లు" అని. కొట్టాయన ఏమీ అనకుండా పాల ప్యాకెట్టు ఇచ్చేశాడు. నేనూ అక్కడ చెప్పలేదు, ఇంటికొచ్చాక చెప్పాను.

అన్నాలయ్యాక ఫోటోల ఆట. చందమామలో ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది. రెండు ఫోటోలు ఇస్తే, రెండింటికీ జత కుదిరేలా చిన్న మాటలు రాసి పంపాలి. నా చిన్నప్పుడు నాకు చాలా ఇష్టం. ఫోన్లోంచి రెండు ఫోటోలు తీశాను. పడక్కుర్చీలో నిద్రపోతున్న తాతయ్యకి చిన్నోడు "చార్జింగ్‌లో ఉన్నారు" అని రాస్తే, పార్కులో తమ్ముడు పరిగెడుతున్న ఫోటోకి పెద్దది "చార్జింగ్ ఫుల్" అని రాసింది.

సాయంత్రం దాని చేత తెనాలిలో ఉన్న అమ్మమ్మకి కార్డు రాయించాను. పోస్టాఫీసు నుంచి అయిదు రూపాయలకి పది కార్డులు తెచ్చి ఉంచాను ముందే. మొదట "పూజ్యులైన అమ్మమ్మగారికి నమస్కరించి వ్రాయునది" అని మొదలుపెట్టి ఆగిపోయింది. "అమ్మా, నేను అమ్మమ్మతో ఇలా మాట్లాడనుగా?" అంది. నిజమే కదా. ఎలా మాట్లాడతావో అలాగే రాయమన్నాను. ఇక పెన్ను ఆగలేదు. గోంగూర పచ్చడిలో ఉప్పు ఎంత వేస్తావు, పెరట్లో జామచెట్టు కాసిందా, అమ్మ చిన్నప్పుడు అన్నం తినకుండా మారాం చేసేదా? మూడు ప్రశ్నలు అడిగింది. "అడిగితే జవాబు రాయక తప్పదు" అట!

అడ్రసు దగ్గర ఆరు గళ్లు చూసి మళ్లీ ప్రశ్న. 522201 అని చెప్పి, పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చిందనీ, ముందున్న 5 ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకలది అనీ, చివరి మూడంకెలు ఏ పోస్టాఫీసో చెబుతాయనీ వివరించాను. హైదరాబాదుదీ 5తోనే మొదలవుతుందని తెలిసి సంబరపడింది. "అమ్మమ్మా మనమూ ఒకే అంకె!" అంటూ ఆ మాట కూడా కార్డులో ఇరికించింది.

పడుకోబోయే ముందు కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. అడుగున రెండు వేళ్ల చోటు వదిలి, పక్కన పెన్సిల్‌తో "ఇది అమ్మకి" అని రాసి ఉంది. నేను మా అమ్మకి చేత్తో ఉత్తరం రాసి ఎన్నేళ్లయిందో. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉంటాం. పెన్ను పట్టుకుని పావుగంట నుంచి కూర్చున్నాను. "అమ్మా" అని రాశాను. పొద్దున్నే స్కూలు బస్సు వచ్చేలోపు కార్డు డబ్బాలో వేయాలి.