షిఫ్టు ఉద్యోగంలో ఉంటూ ట్రిగ్గర్ ఫిష్‌కి మేత పెట్టడం

పని కోసం దేశం మారినవాళ్ళ రోజుకు నిలకడ ఉండదు. ఈ వారం పగలు, వచ్చే వారం రాత్రి, మధ్యలో చెప్పాపెట్టకుండా ఓవర్‌టైమ్. ఏడాదికో రెండేళ్ళకో ఒకేసారి నెలరోజుల సెలవు. అలాంటి బతుకులో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నవాళ్ళు తరచు ట్రిగ్గర్ ఫిష్ మీదే మనసు పడతారు. అది మనిషిని గుర్తుపడుతుంది, తలుపు తీయగానే అద్దం దగ్గరికి వస్తుంది, మేత అడుగుతుంది. నీటి సంగతి చాలామంది జాగ్రత్తగానే చూసుకుంటారు. దెబ్బ తగిలేది మేత దగ్గర. అలసిపోయి ఇంటికొచ్చిన మనిషి ఫ్రీజర్లో ఏది చేతికి తగిలితే అది, ఎప్పుడు గుర్తొస్తే అప్పుడు వేస్తాడు. చేప ఆత్రంగా తింటుంది కాబట్టి అంతా బాగుందనుకుంటాడు.

ఈ చేపకు నోరే ఆయుధం. పై దవడలోనూ కింది దవడలోనూ బయటి వరుసలో ఎనిమిదేసి బలమైన పళ్ళుంటాయి, పై దవడలో లోపల ఇంకో వరుస ఉంటుంది. సముద్రంలో పీతలను, నత్తలను, ఆల్చిప్పలను, ముళ్ళతో నిండిన సీ అర్చిన్లను పగలగొట్టి తినడానికి అవి అలా తయారయ్యాయి. ఆ పళ్ళు పెరుగుతూనే ఉంటాయి, గట్టి తిండి కొరికితేనే అరుగుతాయి. రోజూ మెత్తటి చేప ముక్కలు, స్క్విడ్ మాత్రమే వేస్తే ఏడాది తిరిగేసరికి పళ్ళు పొడుగై నోరు సరిగా మూతపడదు. ముక్కను పట్టుకుని వదిలేస్తుంటే, మళ్ళీ పట్టుకుని మళ్ళీ వదిలేస్తుంటే మొదట పళ్ళు ఎలా ఉన్నాయో చూడాలి. అప్పటికి పశువైద్యుడు మత్తిచ్చి పళ్ళు కత్తిరించడం తప్ప దారి ఉండదు. చేపలు చూసే వైద్యుడు దొరకడమే కష్టం, అందుకని ఇక్కడ ముందుజాగ్రత్తే వైద్యం.

వారానికి రెండు మూడు పూటలు పెంకుతో ఉన్న మేత వేస్తే చాలు. తలతో, పెంకుతో ఉన్న రొయ్య, సగం చిప్పలో అంటుకుని ఉన్న ఆల్చిప్ప మాంసం, పీత కాళ్ళ ముక్కలు మంచివి. చిప్పను రాళ్ళ మధ్య పెట్టి రెండు మూడు గంటలయ్యాక తీసేయాలి. డ్యూటీకి బయల్దేరుతూ వేసి వెళ్ళిపోతే మిగిలిన మాంసం పది పన్నెండు గంటలు కుళ్ళుతుంది, సాయంత్రానికి నీళ్ళలో చేపకు విషమైన అమోనియా లేస్తుంది. కాబట్టి చిప్ప పూట మీరు ఇంట్లో ఉండే రోజునే పెట్టుకోండి. మనుషుల కోసం అమ్మే రొయ్యలు కొంటే ఉప్పు, మసాలా పట్టించనివి, ఉడికించనివి చూడాలి. పొట్లం మీద ఫాస్ఫేట్ల పేరు కనిపిస్తే పక్కన పెట్టేయండి. తేమ నిలవడానికి కలిపే ఆ ఉప్పులు ట్యాంకులో నాచుకు ఎరువవుతాయి. గాలానికి ఎరగా అమ్మే రొయ్యల్లో ఏం కలిపారో తెలియదు, వాటి జోలికి పోకపోవడం మంచిది.

అన్ని ట్రిగ్గర్లకూ ఒకే మేత కుదరదు. పికాసో, క్లౌన్, క్వీన్, అండ్యులేటెడ్ అనేవి అడుగున వెతుక్కుని పెంకులు పగలగొట్టే రకం. పైన చెప్పిన గట్టి మేత ముఖ్యంగా వీటి కోసమే. నైజర్, బ్లూ జా, క్రాస్‌హ్యాచ్ మాత్రం నీళ్ళలో తేలే సన్న జీవులను పట్టుకుని తింటాయి. వీటికి మైసిస్ అనే రొయ్యలాంటి సన్న జీవులు, సన్నగా తరిగిన రొయ్య, చిన్న పెల్లెట్లు (ఎండు మేత గుళికలు) కొద్దికొద్దిగా ఎక్కువసార్లు వేయాలి. పింక్‌టెయిల్‌కి నాచు కూడా కావాలి. నోరి అనే ఎండబెట్టిన సముద్రపు నాచు రేకును అయిదు సెంటీమీటర్ల చదరంగా కత్తిరించి, క్లిప్పుకు పెట్టి, రోజు విడిచి రోజు అద్దానికి అతికిస్తే సరిపోతుంది. ఉప్పు, నూనె తగలని నోరి మాత్రమే వాడాలి. పికాసోలూ నైజర్లూ కూడా దాన్ని కొరుకుతాయి, వాటికి మేలే.

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఒకే రకం మేత దగ్గర. క్రిల్ అనే రొయ్యలాంటి చిన్న జీవులను ఎండబెట్టి అమ్మే డబ్బా ఒకటి కొనుక్కుని నెలలపాటు అదే వేయడం షిఫ్టు మనిషికి సులువు. దానికి ఫ్రీజర్ అక్కర్లేదు, రూమ్మేట్లకు వాసన గొడవా ఉండదు. కానీ క్రిల్ ఒక్కటే తిన్న ట్రిగ్గర్లకు, పఫర్ చేపలకు దవడ బిగుసుకుపోయి తినలేకపోవడం పెంపకందారులకు బాగా తెలిసిన ముప్పు. పచ్చి ఆల్చిప్పల్లో, కొన్ని రకాల పచ్చి చేపల్లో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది బి1 విటమిన్‌ను విరగ్గొడుతుంది. ఫ్రీజర్లో పెడితే ఆ ఎంజైమ్ చావదు, విటమిన్ మాత్రం నిల్వలో తగ్గుతూ పోతుంది. మేత మారుస్తూ ఉంటే ఏ ఒక్క లోపమూ పేరుకోదు. గోల్డ్ ఫిష్, గప్పీల లాంటి మంచినీటి చేపలను బతికుండగా వేయడం వేడుకగా కనిపించినా ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. సముద్రపు చేపకు కావలసిన కొవ్వు ఆమ్లాలు వాటిలో చాలవు, గోల్డ్ ఫిష్‌లో థయమినేజ్ కూడా ఉంటుంది. పైగా ట్రిగ్గర్‌కు తోటి చేపల మీదికి ఉరికే అలవాటు ముదురుతుంది.

పది పన్నెండు సెంటీమీటర్ల పికాసోను కొలతగా తీసుకుందాం. ఉదయం పూట మూడు మిల్లీమీటర్ల పెల్లెట్లు ఎనిమిదో పదో. సాయంత్రం పూట మధ్యరకం రొయ్యలో సగం, మూడు నాలుగు ముక్కలుగా. ముక్కలన్నీ రెండు నిమిషాల్లో అయిపోవాలి. మిగిలితే మరుసటి పూట తగ్గించండి, అంతకుముందే అయిపోయిందని పెంచకండి. ట్రిగ్గర్ ఎప్పుడూ ఇంకా కావాలన్నట్టే తిరుగుతుంది, నీళ్ళ పైకి వచ్చి నోటితో నీళ్ళు చిమ్ముతుంది కూడా. ఆ అడగడాన్ని ఆకలిగా లెక్కేస్తే లివర్‌లో కొవ్వు పేరుకుని చేప పాడవుతుంది, నీళ్ళలో నైట్రేట్ అనే వ్యర్థం పెరుగుతుంది. పదిహేను సెంటీమీటర్లు దాటిన చేపకు వారానికి ఒక పూర్తి ఉపవాసం పరవాలేదు. అయిదారు సెంటీమీటర్ల పిల్లలకు అది పనికిరాదు, వాటికి రోజుకు మూడు నాలుగు సార్లు కావాలి. క్లౌన్ ట్రిగ్గర్ పిల్లల విషయంలో అయితే ఇది మరీ ముఖ్యం. అంత చిన్నవాటిని రోజుకు పన్నెండు గంటలు బయట ఉండే మనిషి కొనకపోవడమే న్యాయం.

గడ్డకట్టిన మేతను అలాగే వేయకూడదు. గిన్నెలో కొంచెం ట్యాంకు నీళ్ళు పోసి ఫ్రిజ్‌లో ఇరవై ముప్పై నిమిషాలు ఉంచి, వలలో వడకట్టి, ఆ నీళ్ళు పారబోయాలి. ఆ రసంలో కొంత ఫాస్ఫేట్ ఉంటుంది. వడకట్టిన ముక్కల మీద వారానికి రెండు మూడుసార్లు సముద్రపు చేపల విటమిన్ చుక్కలు వేసి పావుగంట నానబెట్టండి. ఒకసారి కరిగిన దాన్ని మళ్ళీ గడ్డకట్టించొద్దు. పదిమంది వాడే ఫ్రీజర్ అయితే ఒక్కో పూటకు సరిపడేలా చిన్న సంచుల్లో కట్టి, మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టి, పైన పేరూ తేదీ రాయండి. మూడు నెలల్లో వాడేయాలి. వేసేటప్పుడు చేతివేళ్ళు నీళ్ళలో పెట్టొద్దు, పొడుగాటి పటకారు వాడండి. పెద్ద ట్రిగ్గర్ కాటుకు వేలి చర్మం లేచిపోతుంది.

ఇక వేళల సంగతి. ట్రిగ్గర్ పగటి చేప. రాత్రి అయితే రాతి సందులో దూరి, వీపు మీది మొదటి ముల్లు నిలబెట్టి, దాన్ని రెండో ముల్లుతో తాళం వేసుకుని పడుకుంటుంది. అర్ధరాత్రి షిఫ్టు దిగొచ్చి, లైటు వేసి, నిద్రలో ఉన్నదాన్ని లేపి మేత పెడితే అది బెదురుతుంది, తినకపోవచ్చు, వేసింది అడుగున కుళ్ళుతుంది. ఇక్కడ పాటించాల్సింది ఒక్కటే: ట్యాంకుకు దాని సొంత పగలు ఉండాలి, ఆ పగలు మీ షిఫ్టుతోపాటు మారకూడదు. లైటును టైమర్ మీద పదకొండు గంటలు ఉంచండి. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదకొండు వరకు పనిచేసేవారైతే లైటు ఉదయం ఆరింటికి వెలిగి సాయంత్రం అయిదింటికి ఆరితే మంచిది. ఏడింటికి ఒక పూట, ఇంటి నుంచి కదిలే ముందు పన్నెండున్నరకు ఇంకో పూట చేత్తో వేయొచ్చు. రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరు వరకు పనైతే మధ్యాహ్నం పన్నెండుకు లైటు వెలగాలి. నిద్ర లేచాక రెండింటికి ఒకటి, డ్యూటీకి ముందు ఎనిమిదింటికి ఇంకొకటి. గదిలో కిటికీ వెలుగు నేరుగా ట్యాంకు మీద పడితే ఈ లెక్క చెడుతుంది, తెర వేయాల్సిందే. వారం వారం షిఫ్టు మారేవాళ్ళు లైటును మార్చకుండా ఉంచి, మీరు లేని పూటను ఆటో ఫీడర్‌కు (వేళకు తనంతట తానే మేత రాల్చే మెషీన్‌కు) వదలండి.

మేత వేసేటప్పుడు పంపులు ఆపడం మంచి అలవాటే. ముక్కలు ఓవర్‌ఫ్లోలోకి, అంటే నీళ్ళు ఫిల్టర్‌కు పొర్లిపోయే దారిలోకి, కొట్టుకుపోవు. కానీ పన్నెండు గంటలు పనిచేసి వచ్చిన మనిషి పంపు ఆపి మంచం మీద వాలితే పొద్దున దాకా నీళ్ళు కదలవు, ఆక్సిజన్ పడిపోతుంది. పది నిమిషాల్లో తనంతట తానే తిరిగి ఆన్ అయ్యే టైమర్ ప్లగ్గు ఒకటి పెట్టుకోండి. ట్యాంకులో వేరే చేపలుంటే ట్రిగ్గర్‌కు ఒక మూల వేసి, అది అక్కడ కొరుకుతుండగా రెండో మూల మిగతావాటికి వేయాలి. ఆకలితో ఉన్న ట్రిగ్గర్ మొదట తోటి చేపల రెక్కలు కొరుకుతుంది, ఆ తర్వాత హీటర్ వైరు. హీటర్‌కు తొడుగు తప్పనిసరి.

ఆటో ఫీడర్‌లో పెల్లెట్లు మాత్రమే నిలుస్తాయి. నీటి ఆవిరికి మేత నింపే డ్రమ్ము లోపల తడి చేరి అవి ముద్దకడతాయి, నాలుగో రోజు నుంచి ఏమీ రాలదు, ఒక్కోసారి ముద్ద మొత్తం ఒకేసారి ఊడిపడుతుంది. నీటి మట్టానికి కనీసం పది సెంటీమీటర్ల ఎత్తులో బిగించండి. ట్రిగ్గర్ చిమ్మే నీళ్ళు కూడా ఫీడర్ నోటికి తగులుతాయని మరవద్దు. చిన్న గాలి పంపు గొట్టం డ్రమ్ముకు తగిలించే ఏర్పాటు ఉంటే ఆవిరి లోపలికి రాదు. వారం మేతకు మించి నింపకపోవడం మంచిది. ఫీడర్ కింద నీటి మీద తేలే మేత వలయం పెడితే పెల్లెట్లు చెదరవు. సెలవుకు నెల ముందే చేపకు పెల్లెట్లు అలవాటు చేయాలి. తాజా రొయ్యకు మరిగిన చేప పెల్లెట్‌ను నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంది. అలాంటప్పుడు రొయ్య నీళ్ళలో తడిపిన పెల్లెట్లను రొయ్య ముక్కల మధ్య కలిపి, ముక్కలను రోజూ కొంచెం తగ్గిస్తూ పోవాలి. మెషీన్‌ను మీరు ఇంట్లో ఉండగానే పూర్తిగా వారం నడిపించి చూడండి.

నెల సెలవుకు మెషీన్ ఒక్కటే చాలదు. ఎవరో ఒకరు వారానికి మూడుసార్లయినా వచ్చి చూడాలి. ఆ మనిషికి చేపల సంగతి తెలియనక్కర్లేదు, కానీ మేత డబ్బా మొత్తం అప్పగించొద్దు. తినడం చూస్తే ఎవరికైనా ఇంకొంచెం వేయాలనిపిస్తుంది. వారం రోజుల మాత్రలు పెట్టుకునే గడుల డబ్బాలు కొని, వారు వచ్చే ఒక్కో రోజుకు ఒక్కో గడిలో మీరు మామూలుగా వేసేదానిలో మూడింట రెండు వంతులు నింపి ఫ్రీజర్లో పెట్టండి. ఆ పూట మెషీన్ తిరగకుండా టైమర్‌లో తీసేయండి. మిగతా మేత వేరేచోట దాచండి. తలుపుకు చీటీ అంటించండి: “వచ్చిన రోజు ఒకే గడి. కరిగించి, వడకట్టి వేయండి. చేప అడిగినా రెండోది తీయొద్దు. మర్చిపోతే వదిలేయండి, మర్నాడు రెండు వేయొద్దు.” ఆరోగ్యంగా ఉన్న పెద్ద ట్రిగ్గర్ రెండు మూడు రోజులు మేత లేకున్నా తట్టుకుంటుంది. ఎక్కువ మేతతో లేచిన అమోనియాను తట్టుకోలేదు. చీటీ కింద స్కిమ్మర్ (నీటిలోని మురికిని నురగగా తీసే పరికరం) కప్పు ఖాళీ చేసే రోజు, కలిపి ఉంచిన ఉప్పునీళ్ళు ఎక్కడున్నాయో రాయండి.

కాంట్రాక్టు అయిపోయి ఊరు మారేటప్పుడు, బయల్దేరే ముందు ఒకటి రెండు రోజులు మేత ఆపాలి. కడుపు ఖాళీగా ఉంటే బకెట్‌లో నీళ్ళు పాడవవు. సంచి అయితే రెండు పొరలు వేయండి, వీపు ముల్లు ఒక పొరను చీల్చేస్తుంది. ఒక బకెట్‌లో ఒక్క ట్రిగ్గరే. కొత్త ఇంట్లో మొదటి వారం సగం మేతే వేయాలి, ఫిల్టర్‌లో అమోనియాను విరగ్గొట్టే బాక్టీరియా కదలికకు దెబ్బతిని ఉంటుంది. అమోనియా రోజూ చూసి, రెండు మూడు రోజులు వరసగా సున్నా కనిపించాక మేత కొంచెం కొంచెంగా పెంచండి. రెండు మూడు రోజులు తినకపోయినా కంగారు పడొద్దు. లైటు తగ్గించి, దాక్కునే రాతి గుహ చూపించి, అప్పుడే తెరిచిన చిప్ప ముక్క ఒకటి దాని దగ్గర వదలండి. వారం దాటినా ముట్టకపోతే, తల వెనక భాగం పల్చబడి కడుపు లోపలికి పోతే, మలం తెల్లటి దారంలా వేలాడుతుంటే అది మేత సమస్య కాదు. పేగుల్లో పురుగులుండొచ్చు. దానికి వేరే తొట్టెలో పెట్టి మందు వాడాలి. వేరే జబ్బులకు రాగి మందు వేసిన తొట్టెలో చేపకు ఆకలి తగ్గుతుందని కూడా గుర్తుంచుకుని, అక్కడ మేత ఒక్కో ముక్కగానే వేయండి, తినని ముక్కను వెంటనే తీసేయండి.