మూడో ట్రిప్పులో పడిన యెల్లోటెయిల్

గోదావరి కాలవల్లో గాలం వేస్తూ పెరిగినవాణ్ణి. అక్కడ నీళ్ళ వేడి గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. శాన్ డియేగో వచ్చాక, యెల్లోటెయిల్ అనే సముద్రపు చేప కోసం మూడుసార్లు సముద్రంలోకి వెళ్ళాక గానీ ఆ సంగతి బుర్రకెక్కలేదు.

మొదటిసారి ఏప్రిల్‌లో. పాయింట్ లోమా నుంచి పడవలో కొరొనాడో దీవుల దాకా వెళ్ళాం. నీళ్ళు 58 డిగ్రీల ఫారెన్‌హీట్. సోనార్‌లో చేపల గుంపు స్పష్టంగా కనబడుతోంది, కానీ ఒక్కటీ ఎర ముట్టలేదు. చల్లటి నీళ్ళలో ఈ చేప ఒళ్ళు మందగిస్తుందనీ, ఆకలీ తగ్గుతుందనీ పడవలో పనిచేసే కుర్రాడు చెప్పాడు. అలాంటప్పుడు బరువైన ఇనప ఎరను అడుగుదాకా దించి వేగంగా పైకి లాగాలట. చేతులు పడిపోయేదాకా లాగాను.

రెండోసారి మే నెలలో, నీళ్ళ వేడి 64 అని చూసుకుని ఎగిరి గంతేసి టికెట్ కొన్నాను. ఈలోగా మూడు రోజులు వాయవ్య గాలి విడవకుండా వీచింది. ఆ గాలికి పైనీరు తీరం నుంచి దూరంగా జరిగిపోతుంది, దాని చోటులోకి అడుగునున్న చన్నీళ్ళు పొంగుకొస్తాయి. మేం వెళ్ళేసరికి 60, నీళ్ళు పచ్చగా మసకగా ఉన్నాయి. ఒట్టి చేతులతో వచ్చాను.

అప్పుడు అర్థమైంది, ఒక్కరోజు అంకె చూస్తే సరిపోదని. స్క్రిప్స్ అనే సముద్ర పరిశోధన సంస్థ వాళ్ళు ఇక్కడి లా హోయా రేవుకట్ట మీద 1916 నుంచి రోజూ నీళ్ళ వేడి కొలుస్తున్నారు. ఆ లెక్కలూ, తీరం దగ్గర తేలుతూ నీళ్ళ వేడి కొలిచే బోయాల లెక్కలూ రోజూ నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను. ఉపగ్రహ పటాలూ బాగుంటాయి గానీ, జూన్‌లో ఇక్కడ మబ్బు కమ్మితే వాటిలో చాలావాటికి సముద్రమే కనబడదు.

వారంపాటు గాలి లేదు, వేడి 65 దగ్గర నిలకడగా ఉంది. మూడోసారి బయల్దేరాను. దారిలో పడవ మీటరు కాసేపట్లోనే 64 నుంచి 66కి ఎక్కింది, నీళ్ళ రంగు పచ్చ నుంచి నీలానికి మారింది. ఆ అంచు మీదే తెగి తేలుతున్న కెల్ప్ నాచు గుబురు. బరువేమీ కట్టకుండా బతికున్న సార్డీన్‌ని వదిలాను. పది లెక్కపెట్టేలోపు దారం బుసకొడుతూ పరుగెత్తింది. నాచులోకి దూరనివ్వకుండా పట్టి నిలిపేసరికి మోకాళ్ళు వణికాయి.

పైకి తీసిన చేప తోక నిజంగానే పసుపు పూసినట్టుంది. నోటుబుక్కులో ఆ రోజు అంకె కింద రెండు గీతలు గీశాను.