పచ్చసొన పారేసిన మూడు నెలలు

ఆఫీసు వాళ్ళు చేయించిన హెల్త్ చెకప్‌లో నా ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్ అంటారే, అది) 162 వచ్చింది. మూడు నెలలు తిండి, నడక చూసుకోండి, తగ్గకపోతే మాత్ర సంగతి ఆలోచిద్దాం అన్నారు డాక్టర్ గారు. తిండి చూసుకోవడం అంటే నాకు తెలిసిందల్లా గుడ్డులో పచ్చసొన తీసేయడమే. రోజూ రెండు గుడ్లు ఉడకబెట్టి తెల్లది తిని పసుపు పక్కన పెడుతుంటే అమ్మ చూసి చూసి "గట్ల పారేస్తే పాపం తగుల్తది బిడ్డా" అనేది. సాయంత్రం మాత్రం ఆఫీసు కింద ఇరానీ చాయ్, నాలుగు ఉస్మానియా బిస్కెట్లు, ఆకలేస్తే ఎగ్ పఫ్ (అందులో గుడ్డు సగం ముక్కే, మిగతాదంతా కొవ్వు పూసిన పొరలు). మూడు నెలల తర్వాత మళ్ళీ రక్తం ఇస్తే 159. అది తగ్గినట్టు కూడా కాదు, రెండు వారాల తేడాతో తీసినా ఆ మాత్రం అటూ ఇటూ అవుతుంది.

ఒళ్ళు మండి అప్పుడు చదవడం మొదలుపెట్టాను.

మన ఒంట్లో ఉండే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం తిండిలోంచి వచ్చేది కాదు, శరీరమే తయారు చేసుకుంటుంది. ఒక గుడ్డులో సుమారు 190 మిల్లీగ్రాములు ఉన్నమాట నిజమే, కానీ చాలామందిలో దానివల్ల రక్తంలో పెరిగేది కొంచెమే. షుగర్ ఉన్నవాళ్ళు, వంశంలోనే ఎక్కువగా ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడగాల్సిందే. 1913లో అనిచ్‌కోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త కుందేళ్ళకి కొలెస్ట్రాల్ తినిపిస్తే వాటి రక్తనాళాల్లో కొవ్వు పేరుకుంది. చాలా ముఖ్యమైన ప్రయోగమే, కాదనను. కానీ ఆకులు తినే కుందేలు జన్మలో గుడ్డు ముట్టదు కదా!

అసలు తేడా వచ్చేది సాచురేటెడ్ కొవ్వు (నెయ్యి, వెన్నలో ఎక్కువగా ఉండే, గడ్డకట్టే రకం) దగ్గర. లివర్ కణాల మీద కొక్కేల్లాంటి రిసెప్టర్లు ఉంటాయి, రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ని అవి పట్టి లోపలికి లాగేస్తాయి. వీటిని కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకి 1985లో నోబెల్ వచ్చింది. సాచురేటెడ్ కొవ్వు ఎక్కువ తింటే ఈ కొక్కేలు తగ్గిపోతాయి, లాగేవాళ్ళు లేక ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోతుంది. అంటే తినేదాంట్లో కొలెస్ట్రాల్ చుక్క లేకపోయినా రక్తంలో పెరగొచ్చు.

ఇక్కడే నాకు నూనె ప్యాకెట్ల మీద కోపం వచ్చింది. 'కొలెస్ట్రాల్ ఫ్రీ' అని ఎంత పెద్ద అక్షరాలో! మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండనే ఉండదు. పామాయిల్‌లోనూ లేదు, కానీ అందులో దాదాపు సగం సాచురేటెడ్ కొవ్వు. పల్లీ నూనెలో అది ఐదో వంతు లోపే. మా వీధి కర్రీ పాయింట్‌లో అడిగితే "పామాయిలే సార్, కొలెస్ట్రాల్ ఉండదు" అన్నాడు. పాపం, అబద్ధమేం చెప్పలేదు.

వనస్పతిది ఇంకో గొడవ. నూనెని గడ్డకట్టించేటప్పుడు అందులో పుట్టే ట్రాన్స్ కొవ్వు ఎల్‌డీఎల్‌ని పెంచుతూనే మంచిదనుకునే హెచ్‌డీఎల్‌ని తగ్గిస్తుంది. నూనెలు, వనస్పతిలో ఇది 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి మన దేశంలో రూల్ ఉంది.

బిస్కెట్లు, పఫ్ మానేసి, కర్రీ పాయింట్ తగ్గించి, ఇంట్లో పల్లీ నూనె కూడా కొలిచి పోయించాను. నెయ్యి పప్పులోకి ఒక చెంచా, అంతకుమించి అమ్మ ఒప్పుకోలేదు, అంతకన్నా తగ్గించడానికీ ఒప్పుకోలేదు. పచ్చసొన మళ్ళీ తింటున్నాను. ఇంకో మూడు నెలలకి 138 వచ్చింది, సాయంత్రం నడక కూడా మొదలుపెట్టాను కాబట్టి మొత్తం తిండి పుణ్యమే అనను. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు, అన్నం లాంటివి ఎక్కువైనా పెరుగుతుంది) మాత్రం 194 దగ్గరే ఆగాయి. బిస్కెట్లు మానేసిన ఆకలికి రాత్రి అన్నం ఇంకో గరిటె ఎక్కువ పెట్టించుకుంటున్నానని డాక్టర్ గారు అడిగేదాకా నాకే తట్టలేదు.